ఇసుక కుప్పలో గుంట

మా నాన్న ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు హిమానీనదాల పాఠం చెప్పాడు. మోతె, తిరుమలగిరి, మునగాల, ఆఖరికి కోదాడ. అన్నీ సర్కారు హైస్కూళ్లే, అన్నీ ఎండలు మండే ఊళ్లే. ఆయన కళ్లతో చూసిన మంచల్లా సోడా కొట్టులో గోనె పట్టా కింద పెట్టిన ఐసు, మా ఇంట్లో ఫ్రిజ్‌లో గోడలకు పేరుకునే తెల్లటి పొర, అంతే. అయినా బోర్డు మీద నీలం సుద్దతో మంచును, ఇటుక రంగు సుద్దతో అది మోసుకొచ్చే మట్టినీ రాళ్లనూ గీస్తూ ఉంటే, నిన్ననే అక్కడి నుంచి దిగొచ్చిన మనిషిలా ఉండేవాడు.

మునగాలలో ఒక ఏడాది నేనూ ఆయన క్లాసులో కూర్చున్నాను. బడిలో నేను కూతురిని కాదు. "మూడో బెంచీ అమ్మాయి, లే" అనేవాడు. లేచి నిలబడితే తొమ్మిదింటికి అన్నం పెట్టిన చేతితోనే పదింటికి బెత్తం చూపించేవాడు. ఆ పాఠం మాత్రం నాకు ఇష్టంగానే ఉండేది. "మంచంటే తెల్లగ కూసునేది అనుకోకుండ్రి" అనేవాడు. "అది నడుస్తది. కంటికి కనపడనంత నిమ్మళంగ నడుస్తది. నడిచినంత దూరం నేలను గీకుతది, కొండల పక్కలు చెక్కుతది, దొరికిన రాయినల్ల ఎత్తుకుంటది. కరిగిపోయే కాడ అన్నీ దించి పోతది. మనం వడ్లు ఎండబోసి చెక్కతోని నూకితే ముంగట గట్టు లేస్తది సూడు, గట్ల." ఆ గట్టు పేరు మొరైను అని బోర్డు మీద రాసేవాడు. నది కోసిన లోయ అడుగున ఇరుకుగా ఉంటుందనీ, మంచు కోసిన లోయ మాత్రం తొట్టిలా వెడల్పుగా ఉంటుందనీ రెండు బొమ్మలు పక్కపక్కన వేసేవాడు.

మా బడి వెనక గుట్ట మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న బండలు ఉండేవి. వాటిని కూడా మంచే తెచ్చి పెట్టిందా సార్ అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. నాన్నకు అది నచ్చేది కాదు. "అవి యాడికెళ్లి రాలేదు. ఇక్కడియే. ఎండకు వానకు మెత్తటిదంత పోయి గట్టిది గట్ల మిగిలింది. గుండ్రంగ కనపడ్డ ప్రతిదానికి మంచు పేరు పెట్టొద్దు" అని కసిరేవాడు.

ఆ పాఠంలో ఆయనను ఇబ్బంది పెట్టిన వాక్యం ఒక్కటే ఉండేది, చివర్లో. మంచు వెనక్కి పోయేటప్పుడు పెద్ద పెద్ద గడ్డలు విడిపోయి ఇసుకా కంకరా కింద కూరుకుపోతాయి, చాలా కాలానికి అవి కరిగాక పైన నేల కుంగి గుంట పడుతుంది, అందులో నీళ్లు నిలిస్తే చెరువవుతుంది. కోదాడలో ఒక పిల్లవాడు లేచి, "సార్, ఐసు ఇసుకలో పడితే గంటలో నీళ్లైపోద్ది కదండీ, అన్నేళ్లు లోపల ఎట్లా ఉంటదండీ?" అని అడిగాడట. నాన్న, "పుస్తకంల ఉన్నది రాయి" అన్నాడట. ఆ సంగతి ఇంటికి వచ్చి అన్నం తింటూ ఆయనే చెప్పాడు. ముద్ద చేతిలో పట్టుకుని, "పోరడు అడిగింది తప్పు కాదు" అన్నాడు. ఆ తర్వాత కూడా పాఠం మాట వస్తే ఆ పిల్లవాడి మాట తప్పకుండా వచ్చేది.

అమ్మ పోయాక నాన్న సూర్యాపేటలో మా దగ్గరికి వచ్చేశాడు. నాకూ మా ఆయనకూ బస్టాండు దగ్గర మెడికల్ షాపు ఉంది. నాన్న పొద్దున పేపరు పట్టుకుని షాపులో కూర్చునేవాడు, వచ్చిన వాళ్లలో సగం మంది ఆయన పాత విద్యార్థులే కాబట్టి కాలక్షేపానికి లోటు లేదు. ఒకసారి గుండెలో స్టెంటు వేశారు. దానికీ ఆయన పెద్దగా భయపడలేదు. తర్వాత టీ గ్లాసు బల్ల అంచు అవతల పెట్టి పగలగొట్టడం, తలుపు చెక్కకు భుజం కొట్టుకోవడం మొదలైంది. వయసు అనుకున్నాం. మందులు అమ్ముకునే నేను కూడా వయసే అనుకున్నాను.

కళ్ల డాక్టరు నీటికాసులు అని చెప్పాడు. లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదట. చూపు అంచుల నుంచి పోతూ పోతూ నడుమ ఒక గొట్టంలో నుంచి చూసినంత మిగిలిందట. "నొప్పి ఉండదు, తెలియదు. లోపల లోపలే పోతా ఉంటది. పోయింది ఎట్లాగూ రాదు. ఉన్నది ఉండాలంటే రోజూ సాయంత్రం చుక్కలు మానొద్దు" అన్నాడు. నాన్న తల ఊపాడు. బయటికి వచ్చాక ఆటోలో ఒకే మాట అన్నాడు: "హిమాలయాలకు పోత బిడ్డా. కండ్లు ఉన్నప్పుడే ఒక్కపారి సూసొస్త."

మా ఊరి నుంచి ఏటా అటువైపు యాత్రల బస్సు పోతుంది. బియ్యం బస్తాలు, పప్పులు, పచ్చళ్లు, వంటమనిషి, అన్నీ ఇక్కడి నుంచే. నాన్న కిటికీ సీటు కూడా చెప్పి వచ్చాడు. గుండె డాక్టరు ఒక్క మాటలో కొట్టేశాడు. అంత ఎత్తుకు పోతే గుండె ఒప్పుకోదు, నేను రాసివ్వను, మీరు నన్ను అడగొద్దు. ఆ సాయంత్రం నేను చుక్కల సీసా పట్టుకుని వెళితే నాన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"తెరువు నాన్నా."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"ఇంక ఏం సూసేందుకు? మీ షాపు బోర్డా?"

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. అది ఆయన దగ్గరి నుంచే వచ్చింది. నలుగురికీ మందులు ఇచ్చి, పూట తప్పకండి అని చెప్పి పంపే మనిషిని, సొంత తండ్రి కంట్లో చుక్క వేయలేకపోవడం ఏమిటి? అరిచాను. బతిమాలాను. ఒకరోజు ఆయన నిద్రపోతుండగా రెప్ప పైకి లాగబోతే చేతి మీద ఒక్కటి వేశాడు. మా ఆయన కోదాడ మనిషి, మర్యాదస్తుడు. "అదేంటి మామయ్యా, చుక్కలేయించుకోకపోతే ఎట్లా? చిన్నపిల్లలకన్నా కష్టమైపోయారు మీరు" అని మెల్లగా చెప్పి చూశాడు. అల్లుడి మాట కాబట్టి నాన్న తిట్టలేదు, కళ్లు మాత్రం తెరవలేదు.

యూట్యూబులో హిమానీనదాల వీడియోలు వెతికి టీవీలో పెట్టాను. డ్రోనుతో తీసినవి, పెద్ద పెద్ద మంచు మైదానాలు, వెనక సంగీతం. నాన్న కాసేపు చూసి రిమోట్ ఎక్కడ అని తడిమాడు. "గిది సినిమా. మంచు సూడాలని కాదే నాకు. మంచు ఎవడైన సూస్తడు. అది పోయినంక నేల ఎట్లుంటదో సూడాలె. అది చేసిన పని సూడాలె, నా కండ్లతోని. గంతే."

మరో రెండు రోజులకు ఆయనే ఉపాయం చెప్పాడు. మా తమ్ముడు మిర్యాలగూడలో రైసు మిల్లులో సూపర్‌వైజరు. అక్కడే ఇల్లు కట్టుకుంటున్నాడు. స్లాబు పడింది, గోడలు లేచాయి, ప్లాస్టరింగు కోసం ఇంటి ముందు ఇసుక కుప్ప పోయించాడు. "మంచు కాడికి నన్ను పోనియ్యరు గదా. మంచునే నా కాడికి తెండ్రి. వాని ఇంటి ముంగట ఇసుక ఉన్నది, ఎర్రమట్టి ఉన్నది, కంకర ఉన్నది. పెద్ద ఐసు గడ్డలు తెచ్చి గుంజుండ్రి. నేను సూస్త. సూస్తే చుక్కలు ఏసుకుంట. సూడకుంటే లేదు."

"బేరమా?" అన్నాను.

"బేరమే" అన్నాడు.

ఒప్పుకున్నాను. ఏం చేయను? ఆ చుక్కలు పడాలి. అంతకు మించి నాకు ఇంకో ఆలోచన లేదు.

ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు. మిర్యాలగూడలో ఐసు ముందే చెప్పుకున్న వాళ్లకే దొరుకుతోంది. మా ఆయనకు కోదాడలో చేపల వ్యాపారం చేసే చుట్టం ఉన్నాడు. ఆయన ఇప్పించిన ఐసు దిమ్మెలు ట్రాలీ ఆటోలో వేసుకుని, మీద తడి గోనె సంచులు కప్పుకుని మా ఆయన అటు నుంచి బయలుదేరాడు. నేనూ నాన్నా సూర్యాపేట నుంచి బస్సులో వెళ్లాం. చుక్కల సీసా చల్లగా ఉండాలి కాబట్టి చిన్న ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి అందులో పెట్టుకున్నాను. ఆదివారం, షాపు మూసేశాం.

ఆటో వచ్చేసరికి దిమ్మెల మూలలన్నీ గుండ్రంగా అరిగిపోయాయి. మా తమ్ముడు గోనె సంచులు ఎత్తి చూసి నవ్వాడు. "గోనె సంచులేంది బావా? మాకు చెప్తే ఊక బస్తాలు పంపకపోదునా? మా ఊళ్ల ఐసంటే ఊకల పెట్టాలె. మూడొద్దులైన గట్లనే ఉంటది." వడ్ల మీద పొట్టు, మిర్యాలగూడలో దానికి కరువు లేదు. ఊరి గాలిలోనే ఉంటుంది. తమ్ముడికి దాని మీద ఉన్నంత అభిమానం అన్నం మీద కూడా లేదు.

నాన్న స్లాబు నీడ అంచున ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు పట్టుకుని కూర్చుని పని మొదలుపెట్టించాడు. మేస్త్రీ, తమ్ముడు, మా ఆయన, నేను. ఎర్రమట్టి తడిపి వాలుగా పరిచాం. దాని మీద కంకర చల్లాం. దిమ్మె అడుగున కూడా కంకర ఒత్తి, అది కరుగుతూ రాళ్లను పట్టుకునేదాకా ఆగాం. తాడు కట్టి కిందికి లాగాం.

"గుంజకుండ్రి! ఎడ్లబండా అది? నిమ్మళంగ! మీకు కనపడొద్దు అది నడిచేది!"

మేస్త్రీకి నవ్వు ఆగలేదు. ఇళ్లు చాలా కట్టాను గానీ ఇట్లాంటి పని ఎవ్వరూ చెప్పలేదు సారూ అన్నాడు. అయినా బాగా వచ్చింది. దిమ్మె నడిచిన దారంతా సన్నటి గీతలు పడ్డాయి, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెనతో దువ్వినట్టు. ముందు బురద గట్టు కట్టింది. పక్కలకు రెండు సన్నటి గట్లు లేచాయి. నడుమ వెడల్పుగా తొట్టిలా లోయ. మునగాల బడిలో నీలం సుద్ద, ఇటుక రంగు సుద్ద, అదే బొమ్మ, మట్టిలో.

"నాన్నా, రా, సూడు" అని చేయి పట్టుకుని తీసుకొచ్చాను. నడినెత్తిన సూర్యుడు. తడి మట్టి మీద వెలుతురు తళతళమంటోంది. నాన్న వంగాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ వంగాడు. తల అటూ ఇటూ తిప్పాడు.

"మంచిగున్నది" అన్నాడు.

మా నాన్న ఎవరి బొమ్మ చూసీ మంచిగున్నది అన్న మనిషి కాదు. బాణం గుర్తు వంకర, పేరు అడ్డంగా రాసినవ్, ఇక్కడ గీత లావైంది, ఇవీ ఆయన మాటలు. పైగా ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం గట్టు వైపు లేదు, కంకర కుప్ప వైపు ఉంది. ఆయనకు ఏమీ కనపడలేదని నాకు అర్థమైంది. అంత వెలుతురులో ఆ కళ్లకు గట్టూ లోయా అన్నీ ఒకటే తెలుపు.

తమ్ముడికి కూడా అర్థమైంది. సాయంత్రం ఎండ వాలాక నీడలు పడతాయి, అప్పుడు మళ్లీ లాగుదాం అన్నాడు. మిగిలిన దిమ్మెలను అప్పటిదాకా కాపాడాలి కదా. మిల్లు నుంచి ఊక బస్తాలు తెప్పించి, మేస్త్రీతో కలిసి ఇసుక కుప్ప నడుమ లోతుగా తవ్వి, దిమ్మెలు అందులో పేర్చి, చుట్టూ ఊక కూరి, పైన తవ్విన ఇసుకంతా కప్పేసి పారతో చదును చేశాడు. చూసేవాళ్లకు అది మామూలు ఇసుక కుప్పే.

ఎండ వాలలేదు. మూడు దాటాక ఈదురుగాలి లేచింది, వెనకే వాన. మేం చేసిన లోయ, గట్లు, గీతలు అన్నీ కళ్ల ముందే ఎర్రనీళ్లయి రోడ్డు మీదికి పోయాయి. తమ్ముడికి మిల్లు నుంచి ఫోను మీద ఫోను. బయట ఆరబోసిన వడ్లు తడిసిపోతున్నాయి, వెంటనే రా. వాడు బండి మీద పరిగెత్తాడు. ఆ తొందరలో దిమ్మెల సంగతి ఎవరికీ గుర్తు లేదు. మేం బస్సెక్కాం.

బస్సులో అడిగాను. "చుక్కలు?"

"సూసిన్నా ఏంది?"

"మంచిగున్నదని అంటివి గదా."

"పిల్లలు ఎండల అంత కష్టపడ్డరు. ఇంకేమంటరు మరి?" అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆ తర్వాతి రోజులు నాకు బాగా గుర్తున్నాయి, గుర్తుంచుకోవాలని లేకపోయినా. నేను సాయంత్రం సీసా తీసుకెళ్లడం, ఆయన తల అడ్డంగా ఊపడం, సీసా మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టడం. అరవడం మానేశాను. షాపులో ఎవరైనా కళ్ల చుక్కలు అడిగితే ఇచ్చి డబ్బులు తీసుకుని ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని. ఒక్కొక్క రోజూ ఆయన చూపులో కొంత పోతోంది, పోయింది రాదు. ఇది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. భయం వేసింది. మా నాన్న మొండితనానికి నేను జీవితంలో మొదటిసారి నిజంగా భయపడ్డాను.

ఆ వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం, తినడానికి ఇంటికి వచ్చినప్పుడు తమ్ముడి ఫోను. ఒకటే కేకలు. స్పీకరు పెట్టాను.

"అక్కా, నా ఇసుక ఎవడో ఎత్తుకపోయిండు! తడిసిన వడ్లతోని నాలుగు రోజులు మిల్లుల్నే ఉన్న. ఇయ్యాల మేస్త్రీ వచ్చి సూస్తే కుప్ప నడుమ పెద్ద గుంట! పక్కింటాయనే. ఆయన కూడ గోడ లేపుతుండు. పొద్దుగాల్నే పోయి గల్లా పట్టుకున్న. నాకేం తెల్వదంటడు!"

ఇక్కడ ఇల్లు కట్టే వాళ్లెవరినైనా అడగండి, ఇసుక కుప్ప తగ్గిందంటే ఇంకో ఆలోచన రాదు. రాత్రి ట్రాక్టరు వస్తుంది, పొద్దున కుప్ప తగ్గుతుంది. మేం కూడా అదే అనుకున్నాం. నేను పక్కింటాయనను రెండు మాటలు అన్నాను కూడా. నాన్న పెరుగన్నం కలుపుతున్నవాడు ఆగి అడిగాడు.

"ట్రాక్టర్ టైర్ల గుర్తులున్నయారా?"

"లేవు నాన్నా."

"పార గుర్తులు?"

"అవి కూడ లేవు. నున్నగ ఉన్నది, జారినట్టు."

"అంచుకున్నదా, నడుమన్నా?"

"నడుమ. గదే తెలుస్తలేదు. దొంగ ఎవడన్న అంచుకు తీస్తడు గని నడుమకెళ్లి తీస్తడా?"

"గుంట చుట్టు పగుళ్లున్నయా సూడు. గుండ్రంగ."

తమ్ముడు నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆగాడు. "ఉన్నయి. నీకెట్ల తెలుసు?"

నాన్న అన్నం చేయి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాడు. "అరే, ఐసు యాడ పెట్టినవ్రా నువ్వు ఆ రోజు?"

"కుప్ప నడుమ..." అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత చిన్న గొంతుతో, "నాన్నా, పక్కింటాయన గల్లా పట్టిన నేను" అన్నాడు.

"పోయి కాళ్లు పట్టుకో. ఎవ్వర్ని గాడ చెయ్యి పెట్టనియ్యకు. మేస్త్రీకి చెప్పు. నేనొస్తున్న."

షాపు మా ఆయనకు అప్పజెప్పి బస్సెక్కాం. తొందరలో ఫ్లాస్కులో ఐసు వేయడం మరిచిపోయాను. సీసా మాత్రం అలవాటు కొద్దీ తడి చేతిరుమాలులో చుట్టి సంచిలో వేసుకున్నాను. ఆశతో కాదు, అలవాటుతోనే. దారి పొడుగునా నాన్న పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి పోయే పిల్లవాడిలా ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు.

దిగేసరికి ఎండ పక్క నుంచి పడుతోంది. తమ్ముడు తల దించుకుని నిలబడ్డాడు. పక్కింటాయన గోడ మీద నుంచి తమాషా చూస్తున్నాడు, పొద్దున గల్లా పట్టించుకున్న మనిషిలా లేడు, టీ గ్లాసు కూడా చేతిలో ఉంది. కుప్ప నడుమ గుంట, పెద్ద గంగాళం పట్టేంత. ఎండ వైపు అంచు మెరుస్తోంది, లోపలంతా నీడ.

నాన్నను అంచు దాకా తీసుకెళ్లి చేయి వదిలేశాను. ఈసారి నేను ఒక్క మాటా చెప్పకూడదనుకున్నాను. నేను చెబితే ఆయన నా మాటే తిరిగి నాకు అప్పజెబుతాడు. తమ్ముడు ఏదో అనబోతే సైగ చేసి ఆపాను. నాన్న తల మెల్లగా కదిలించాడు, ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు. చూపు మిగిలిన ఆ గొట్టంలోకి గుంటను ముక్కలు ముక్కలుగా తెచ్చుకుంటున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఎడమ దిక్కు నిలువుగ తెగింది" అన్నాడు. "కుడి దిక్కు జారింది. జారినకాడ మెట్టు లెక్క ఒకటి దిగి ఆగింది. సూసినవా?"

నేను చూడలేదు. అంతసేపూ ఆయన ముఖమే చూస్తున్నాను. వంగి చూస్తే ఉంది. బెత్తెడు మెట్టు, ఇసుక ఒక పలకలా దిగి ఆగిపోయింది.

"దాని మీద ఇంకో పగులు మొదలైంది, సన్నగ, వంకర తిరిగి. రేపటికి అది కూడ దిగుతది" అన్నాడు.

తమ్ముడు దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుని వెతికాడు. "ఉన్నది నాన్నా" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. పక్కింటాయన ముందు, మేస్త్రీ ముందు, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నాన్న చూశాడు. మేం ఎవ్వరం చూపించకుండా, మాకంటే ముందు, మా నాన్న తన కళ్లతో చూశాడు.

తర్వాత గుంటలోకి దిగుతానన్నాడు. తమ్ముడు పట్టుకుని దించాడు. నాన్న అంచుల వెంట అరచేయి ఆనిస్తూ చుట్టూ తిరిగి, అడుగున కూర్చుని వేళ్లతో తవ్వాడు. ముందు తడి ఇసుక, తర్వాత నల్లబడ్డ తడి ఊక. దాని కింద, అరచేతిలో ఇమిడేంత ఐసు ముక్క ఇంకా మిగిలి ఉంది. అద్దంలా ఉంది. నాన్న దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు, క్లాసులో గ్లోబు చూపించినట్టే.

"ఊకల పెడితే ఐసు నిలుస్తదని ఈ ఊళ్ల అందరికి ఎరుకే. నాకు కూడ ఎరుకే. కోదాడ పిల్లగానికి చెప్పనీకె తోచలే" అన్నాడు. "అక్కడ ఊక ఉండదు. మంచు తెచ్చిన ఇసుక, కంకర, బురద, గవే ఊక లెక్క కప్పుకుంటయి. ఎండ తగలది, గాలి తగలది. అందుకే అన్నేండ్లు ఉంటది." మేస్త్రీ చెవులు రిక్కించి వింటున్నాడు. నాన్న ఆయన వైపు తిరిగాడు. "పై నుంచి సూసెటోనికి ఏం తెల్వది. కుప్ప కుప్ప లెక్కనే ఉంటది. లోపల లోపల్నే కరుగుతుంటది. కూలినంకనే ఎరుకైతది."

అని ఆగిపోయాడు. ఆ మాట కళ్ల డాక్టరు నోట విన్నదేనని ఆయనకు గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు. ఐసు ముక్క వేళ్ల సందుల్లో నుంచి కారుతోంది.

కొంతసేపటికి నాన్న నా వైపు తల తిప్పి వెతికాడు. "మందు తెచ్చినవా?"

"సంచిల ఉన్నది."

"సల్లగున్నదా?"

"ఐసు వెయ్య మరిచిపోయిన, తొందరల."

భుజం మీది తువ్వాలు తీసి ఒడిలో పరిచాడు. గుప్పెడు తడి ఊక వేసి, దాని మీద ఐసు ముక్క పెట్టి, మీద ఇంకో గుప్పెడు ఊక వేశాడు. "గిండ్ల పెట్టు. సూర్యాపేట పోయేదాంక ఏం కాదు." నేను సీసా తీసి ఇవ్వబోతే, ఆయన దాన్ని తువ్వాలులో పెట్టలేదు. చేత్తో తడిమి చూసి మళ్లీ నాకే ఇచ్చాడు. "ముందుగాల ఇది వెయ్యి. ఇంటికి పోయినంక గాదు, ఇప్పుడే."

గుంట అంచుకు వీపు ఆనించి, తల వెనక్కి వాల్చి, రెండు కళ్లూ పెద్దగా తెరిచాడు. నేను చెప్పులు విడిచి గుంటలోకి దిగి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. నాన్న నా మణికట్టు పట్టుకుని సరిచేశాడు.

"నిమ్మళంగ వెయ్యి బిడ్డా. ఒక్క చుక్క కూడ బయటికి పోనియ్యకు."